పాత స్మిత్ అండ్ వెస్సన్ .38 టాప్ బ్రేక్: స్పేర్ పార్టులు, రిపేరు, నికెల్ సంగతి

మీ ప్రశ్న సారాంశం ఇది: ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో స్మిత్ అండ్ వెస్సన్ .38 డబుల్ యాక్షన్ రివాల్వర్ కొన్నారు. పైనుంచి విరిచి తెరిచే రకం, 5 గుళ్ళది. పిడి అడుగున నంబరు 2 లక్షలు దాటి ఉంది. ట్రిగ్గర్ నొక్కితే ముందుకు తిరిగి రావట్లేదు, హ్యామర్ వెనక్కి లాగితే నిలవట్లేదు, ఒకవైపు గ్రిప్ (పిడి మీది బిళ్ళ) పగిలింది, నికెల్ పూత పెచ్చులుగా ఊడుతోంది. పార్టులు ఎక్కడ దొరుకుతాయి, మళ్ళీ నికెల్ వేయించాలా, ఎప్పుడైనా ఇండియా తీసుకెళ్ళి నాన్నగారికి ఇవ్వొచ్చా అని అడిగారు.

చివరి దానికి జవాబు చివర్లో చెబుతాను. కంగారు పెట్టే విషయం అదొక్కటే. మిగతావన్నీ ఓపికతో అయిపోయే పనులు.

ముందు మీ చేతిలో ఉన్నది ఏమిటో ఖాయం చేసుకోండి. ఈ రివాల్వర్ 1880లో వచ్చి 1911 దాకా తయారైంది. కలెక్టర్లు దీన్ని ఐదు మోడళ్ళుగా విడదీస్తారు. మొదటి 4,000 నంబర్ల వరకు ఫస్ట్ మోడల్. దాని సైడ్ ప్లేటు, అంటే లోపలి పార్టుల్ని పక్కనుంచి మూసే మూత, నిటారు గీతలతో ఉంటుంది. అక్కణ్ణుంచి 1,19,000 వరకు సెకండ్ మోడల్, ప్లేటు అంచు వంపు తిరుగుతుంది. 1,19,001 నుంచి 3,22,700 వరకు థర్డ్ మోడల్, అది 1884 నుంచి 1895 మధ్యది. మీది ఇక్కడ పడుతుంది. ఆ పైన ఫోర్త్, ఫిఫ్త్. ఈ లెక్క ఎందుకంటే, "స్మిత్ అండ్ వెస్సన్ .38 టాప్ బ్రేక్ సిలిండర్ స్టాప్" (సిలిండర్ తిరగకుండా ఆపి నిలిపే ముక్క) అని ఆర్డరు పెడితే ఏ మోడల్‌ది వస్తుందో దేవుడికే తెలియాలి. మొదటి రెండు మోడళ్ళలో సిలిండర్ చుట్టూ రెండు వరసల గాట్లు, మధ్యలో ఒక గాడి ఉంటాయి. థర్డ్ నుంచి ఒకే వరస. వాటి స్టాప్ వీటికి పనికిరాదు.

అదే కంపెనీ 1887లో తెచ్చిన హ్యామర్ బయటికి కనిపించని సేఫ్టీ మోడల్, 1909లో వచ్చిన పర్ఫెక్టెడ్ మోడల్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపలి పార్టులు మాత్రం వేరు. ఇక ఐవర్ జాన్సన్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్, హాప్‌కిన్స్ అండ్ అలెన్ లాంటి అప్పటి అమెరికన్ కంపెనీలు, బెల్జియం, స్పెయిన్ కార్ఖానాలు ఇదే ఆకారంలో కుప్పలుగా చేశాయి. బ్యారెల్ మీది పట్టీపై కంపెనీ పేరు, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరు, పేటెంట్ తేదీలు స్పష్టంగా ఉన్నాయో లేదో భూతద్దంతో చూడండి. స్పానిష్ కాపీల మీద దూరం నుంచి అలాగే అనిపించే అక్షరాలు ఉంటాయి, దగ్గరికెళ్తే పేరు వేరే. కాపీ అని తేలితే ఆ బండికి (రివాల్వర్‌ని నేను ఇలాగే అంటాను) పార్టుల వేట అక్కడితో ఆపేయొచ్చు. చేతితో చేసుకోవడం తప్ప దారి ఉండదు.

నంబర్లు సరిపోతున్నాయా అన్నది తర్వాతి పని. పిడి అడుగున ఉన్న నంబరే సిలిండర్ వెనక ముఖం మీద, బ్యారెల్ మీద, పైన ఎత్తే లాచ్ మీద కూడా ఉండాలి. పాత రబ్బరు గ్రిప్ లోపలి వైపు కూడా తరచుగా గీరి ఉంటుంది. కాబట్టి పగిలిన గ్రిప్‌ని చెత్తబుట్టలో వేయకండి, ముందు తిప్పి చూడండి. నంబరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే బండి ఒకసారి ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళి బాగుపడి వచ్చిందని అర్థం. అప్పుడు ఎడమ గ్రిప్ కింద ఫ్రేమ్ మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి.

మీరు చెప్పిన నంబరు ప్రకారం ఇది 1898కి ముందుది. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో 1898లోగానీ అంతకుముందుగానీ తయారైనది యాంటిక్. లెక్క ఫ్రేమ్ (బ్యారెల్, సిలిండర్ కాక మిగతా ఒళ్ళు) తయారైన ఏడాదిదే, అమ్ముడైన ఏడాదిది కాదు. రాష్ట్రాల చట్టాలు మాత్రం ఎక్కడికక్కడ వేరు. ఈ .38 గుండు ఇప్పటికీ కొట్లో దొరుకుతుంది కాబట్టి కొన్ని రాష్ట్రాలు మినహాయింపు ఇవ్వవు. రేపు ఉద్యోగం మారి న్యూజెర్సీయో న్యూయార్కో వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడి రూలు ముందే చదువుకోండి. కాగితం రుజువు కావాలంటే స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్ డబ్బు తీసుకుని ఆ నంబరు బండి ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు, ఎవరికి వెళ్ళిందో ఉత్తరం ఇస్తుంది. రికార్డు దొరికితేనే లెండి.

ఇప్పుడు అసలు పని. లాచ్ ఎత్తి, బ్యారెల్ వంచి, సిలిండర్‌లో గుళ్ళు పెట్టే 5 గదుల్లోనూ ఖాళీ అని కళ్ళతో చూడండి. చూశాక వేలితో తడమండి. ఎస్టేట్ సేల్ బండ్లలో చిలుము పట్టి ఇరుక్కున్న పాత గుండు ఉండడం కొత్తేమీ కాదు. ఉంటే దాన్ని కొట్టి తీయకుండా లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఖాళీ అయితే పని మొదలుపెట్టొచ్చు.

ట్రిగ్గర్ తిరిగి రావట్లేదంటే స్ప్రింగ్ విరిగిందనే అందరూ అనుకుంటారు. నా చేతికొచ్చిన వాటిలో చాలావాటికి జబ్బు అది కాదు. ఎవరో డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట పోసిన నూనె లోపల జిగురై, ఆ పైన గట్టి బంకలా మారి ఉంటుంది. అందుకే విప్పకముందే గ్రిప్పులు తీసి, మినరల్ స్పిరిట్స్‌లో (పెయింట్ పలచన చేసే ద్రవం) ఒక రాత్రి నానబెట్టి, పళ్ళు తోముకునే బ్రష్‌తో రుద్ది చూడండి. నలుపు జారిపోతుంది. గాలి ఆడే చోట చేయండి, దగ్గర్లో స్టవ్ ఉండకూడదు. రబ్బరు గ్రిప్పులు ఈ ద్రవంలో పడకూడదు.

హ్యామర్‌లో బలం లేనట్టు అనిపిస్తే పిడి ముందు వైపు కింద ఉన్న చిన్న స్క్రూ చూడండి. దాన్ని స్ట్రెయిన్ స్క్రూ అంటారు. మెయిన్ స్ప్రింగ్ మీద బిగువు పెట్టేది అదే. ట్రిగ్గర్ తేలిగ్గా కావాలని ఎవరో దాన్ని వదులు చేసి ఉంటారు, లేదా మొన అరగదీసి ఉంటారు. బిగిస్తే స్ప్రింగ్ బతికే ఉందని తెలుస్తుంది. విప్పేటప్పుడు కూడా మొదట వదులు చేయాల్సింది ఈ స్క్రూనే.

స్క్రూడ్రైవర్ గురించి కాస్త పట్టుగా చెబుతాను. హోమ్ డిపో నుంచి తెచ్చిన మామూలు స్క్రూడ్రైవర్ మొన కోసుగా ఉంటుంది. ఈ కాలపు స్క్రూల గాడి సన్నగా, నిటారు గోడలతో ఉంటుంది. కోసు మొన పైకి ఎగదన్ని గాడి అంచులు చిదిమేస్తుంది, పక్కన నికెల్ మీద గీత పడుతుంది. ఒకసారి చిదిమిన స్క్రూ తల బండి విలువని తగ్గిస్తుంది, మళ్ళీ అలాంటి స్క్రూ దొరకదు కూడా. వాటి మర ఇప్పటి స్టాండర్డు ట్యాపులకి (మరలు కోసే పనిముట్లకి) సరిపోతుందన్న భరోసా లేదు. గాడిలో నిండుగా కూర్చునే హాలో గ్రౌండ్ బిట్లు కొనండి. అయోవాలోని బ్రౌనెల్స్ అమ్ముతుంది. ఇంట్లో చవక బిట్‌ని ఆకురాయితో రుద్ది గాడికి తగ్గట్టు చేసుకున్నా సరే. కదలని స్క్రూకి క్రోయిల్ లాంటి చొచ్చుకుపోయే నూనె రోజుకో చుక్క వేసి వారం ఆగండి. స్క్రూ వచ్చాక సైడ్ ప్లేటుని అంచు పట్టి పెకలించొద్దు. ప్లేటు పైకి ఉండేలా పట్టుకుని, చెక్క పిడితో గ్రిప్ ఫ్రేమ్ మీద టకటకా తట్టండి. ఆ అదురుకి అదే లేస్తుంది. ట్రిగ్గర్ గార్డు విడి ముక్క, ఫ్రేమ్‌లో తన బిగువుతోనే కూర్చుని ఉంటుంది. అవసరం లేకపోతే దాని జోలికి పోకండి. పాత ఇనుము వంగకుండా విరిగే ప్రమాదముంది.

ప్రతి ముక్క తీసేటప్పుడూ ఫోనుతో ఫోటో. ఏ స్క్రూ ఏ బెజ్జంలోదో అట్ట మీద బొమ్మ గీసి అక్కడే గుచ్చండి. ఒకేలా కనిపించే స్క్రూలు పొడవులో వెంట్రుకవాసి తేడాగా ఉంటాయి. పొడుగుది తప్పు బెజ్జంలో పెడితే లోపల హ్యామర్‌ని పట్టేస్తుంది. అప్పుడు లేని జబ్బుకి మందు వెతుక్కుంటూ కూర్చుంటారు.

హ్యామర్ నిలవకపోవడానికి మూడు కారణాలుండొచ్చు: సియర్ (వెనక్కి లాగిన హ్యామర్‌ని పట్టి ఆపే ముక్క) స్ప్రింగ్ విరగడం, సియర్ మొన అరగడం, హ్యామర్ మీది గాటు చిట్లడం. మొదటిదైతే అదృష్టం. మూడోదైతే ఆకురాయి చేతికి తీసుకోకండి. ఆ కాలంలో హ్యామర్, ట్రిగ్గర్ కేస్ హార్డెనింగ్ చేసేవారు. పైన పలచటి పొర మాత్రమే గట్టిది, లోపలంతా మెత్తటి ఇనుము. గాటుని "కొంచెం పదును చేద్దాం" అని రుద్దితే గట్టి పొర పోతుంది. నాలుగు రోజులు బాగా నిలుస్తుంది, ఆ తర్వాత ఏ క్షణాన జారిపోతుందో తెలియదు. దానికి మందు ఇంకో హ్యామర్ మాత్రమే.

పార్టులు ఎక్కడ అన్నదానికి వద్దాం. పాత బండ్లు విప్పి ముక్కలు అమ్మేవాళ్ళలో పెద్దది న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూమ్‌రిచ్ గన్ పార్ట్స్. 1950 నుంచి ఉంది. వాళ్ళ సైట్‌లో మోడల్ వారీగా విడదీసిన బొమ్మలుంటాయి. ఏమీ కొనకపోయినా ఆ బొమ్మ ప్రింటు తీసుకుని పక్కన పెట్టుకోండి, ముక్కల పేర్లు అందులోంచే నేర్చుకోవాలి. కొత్తగా చేసిన స్ప్రింగులు, ఫైరింగ్ పిన్నుల కోసం సౌత్ డకోటా, ర్యాపిడ్ సిటీలోని జాక్ ఫస్ట్ మంచి పేరున్న చోటు. టెనెసీలోని డిక్సీ గన్ వర్క్స్ ఎక్కువగా బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకిమందు) తుపాకుల వాళ్ళది, కానీ స్క్రూలు, చిన్న సామాను అక్కడా తగులుతాయి. గన్ షోలలో బల్లల కింద పెట్టే డబ్బాలు తప్పకుండా కెలకండి. బల్ల మీద ఉన్నది షో, డబ్బాలో ఉన్నది సరుకు.

ఇన్ని చెప్పాక నా అసలు సలహా: మీ కేసులో ఒక్కో ముక్కా వెతకొద్దు. ఇదే థర్డ్ మోడల్‌లో బ్యారెల్ పాడైపోయి, నికెల్ పూర్తిగా పోయి, ఎవరూ ముట్టుకోని బండి ఒకటి కొనండి. ఈ రివాల్వర్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందవికారంగా ఉన్నవి ఇప్పటికీ చవకే. హ్యామర్, సియర్, ఇంకో స్ప్రింగ్ విడివిడిగా కొని మూడు చోట్ల షిప్పింగ్ కట్టేసరికి ఆ డొక్కు బండి ఖరీదు దాటిపోతుంది. పైగా హ్యామర్, సియర్ నూరేళ్ళు కలిసి అరిగిన జంట. జంటగా మారిస్తే కుదిరే అవకాశం ఎక్కువ. పార్టుల కోసం కొనే ఆ డోనర్ బండి కూడా 1898కి ముందు నంబరుదే చూసుకోండి, లేకపోతే దాని ఫ్రేమ్ చట్టం ప్రకారం మామూలు తుపాకీ కింద లెక్క. మిగిలిన డొక్కుని పారేయకండి, వచ్చే పదేళ్ళకి అదే మీ స్టోరు.

అయినా ఒక సంగతికి సిద్ధంగా ఉండండి. 1880ల్లో ముక్కలు మెషీన్ మీదే చేసినా చివరి కూర్పు మాత్రం మనిషి ఆకురాయితో చేసేవాడు. కాబట్టి అదే మోడల్ ముక్క కూడా నేరుగా కూర్చోకపోవచ్చు. నేను కార్ఖానా టూల్ రూమ్‌లో డైలు (అచ్చులు) ఫిట్ చేసిన పద్ధతే ఇక్కడా వాడతాను. కొత్త ముక్కకి దీపం మసిగానీ ఇంజనీర్స్ బ్లూ అనే నీలం రంగుగానీ పూసి, పెట్టి, కదిపి, తీసి చూడాలి. ఎక్కడ మసి చెరిగిందో అక్కడే తగులుతోంది. అక్కడ మాత్రమే సన్నని రాయితో రెండు రుద్దులు. మళ్ళీ మసి, మళ్ళీ పెట్టి చూడటం. రుద్దాల్సింది ఎప్పుడూ తెచ్చిన ముక్కనే, ఫ్రేమ్‌ని కాదు. సిలిండర్ స్టాప్ అయితే మరీ జాగ్రత్త. పక్కకి అరగదీస్తే సిలిండర్ వదులై గుండు గది బ్యారెల్‌కి ఎదురుగా నిలవదు. సియర్ కుదిర్చే పని కొత్తవాళ్ళు మొదటి బండి మీద చేయొద్దంటాను. డబ్బులిచ్చి, టాప్ బ్రేక్‌లు చేసిన అనుభవమున్న గన్‌స్మిత్‌తో చేయించండి. కుర్ర గన్‌స్మిత్‌లు చాలామంది వీటిని తీసుకోరు, వయసు మళ్ళినవాళ్ళని అడగాలి.

ఫ్లాట్ స్ప్రింగ్ ఒక్కటే ఇంట్లో ధైర్యంగా చేసుకోదగ్గది. 1095 స్ప్రింగ్ స్టీలు పట్టీ తీసుకుని పాతదాని ఆకారానికి ఆకురాయితో దించండి. చివరి రుద్దుడు పొడవు వెంబడే ఉండాలి. అడ్డగీత ఒక్కటి మిగిలినా అక్కడే విరుగుతుంది. అయస్కాంతానికి అంటుకోనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గాజులా పెళుసుగా అవుతుంది. దాన్ని మెరుగు పెట్టి, నీలం రంగు తిరిగే వరకు నిదానంగా మళ్ళీ వేడి చేయండి. 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపులన్నమాట. మొదటిది విరుగుతుంది, అందుకే ఒకేసారి మూడు పట్టీలు కోసుకోండి.

నికెల్ సంగతి. మళ్ళీ వేయించకండి. ఊడిపోతున్నా సరే. నికెల్ వేసేవాడు ముందు బఫింగ్ చక్రం మీద పెడతాడు. అప్పుడు అంచులు గుండ్రబడతాయి, పేటెంట్ అక్షరాలు మసకబారతాయి, స్క్రూ బెజ్జాలు గిన్నెల్లా అవుతాయి. పైగా ఫ్యాక్టరీ నికెల్ బండిలో ట్రిగ్గర్ గార్డు, లాచ్ మామూలుగా నీలం రంగువే. హ్యామర్, ట్రిగ్గర్ మీద కేస్ హార్డెనింగ్ రంగులుంటాయి. తెలియనివాడు అన్నిటికీ నికెల్ పూసేస్తాడు. గార్డు తెల్లగా మెరిసే బండిని చూడగానే కలెక్టరు పక్కకి పెట్టేది అందుకే. ముందు మీదాని గార్డు ఏ రంగులో ఉందో చూడండి, మీకంటే ముందు ఎవరైనా వేయించేశారేమో తెలుస్తుంది. నక్షత్రం గుర్తుంటే అది ఫ్యాక్టరీ పనే కావచ్చు, అప్పుడు వేరే లెక్క.

చేయాల్సింది తుప్పుని ఆపడం, అంతే. నూనె వేసి రాగి ముక్కతో మెల్లగా గీకితే తుప్పు బొడిపెలు లేస్తాయి, రాగి మెత్తనిది కాబట్టి నికెల్ మీద గీత పడదు. పెచ్చు అంచుల దగ్గర ఊడిన చోటు నుంచి నికెల్ మీదికి కాకుండా నికెల్ మీది నుంచి ఊడిన చోటు వైపుకి రుద్దండి, లేకపోతే పెచ్చు ఇంకా లేస్తుంది. అమ్మోనియా ఉన్న బోర్ క్లీనర్లు (బ్యారెల్ లోపల శుభ్రం చేసే ద్రవాలు) నికెల్ దగ్గరికి రానివ్వకండి. తుప్పు తినేసే ద్రవాలు నీలం రంగు కూడా తినేస్తాయి, ఎందుకంటే ఆ నీలం కూడా ఒక రకం ఆక్సైడే. గార్డు, లాచ్ వాటిలో ముంచితే తెల్లబడి బయటికొస్తాయి. చివర్లో రినైసెన్స్ వ్యాక్స్ పలచగా. మ్యూజియంలు వాడేది అదే.

గ్రిప్పులు నల్లటి గట్టి రబ్బరువి. రెండు ముక్కలూ ఉంటే సన్నటి ఎపాక్సీకి నల్ల రంగు కలిపి లోపలి వైపు నుంచి అతికించండి. వేడినీళ్ళలో వేయకండి, నలుపు గోధుమరంగుకి తిరుగుతుంది. ముక్క పోయి ఉంటే శాన్ డియాగోలోని ట్రిపుల్ కె కొత్తవి పోతపోసి అమ్ముతుంది. అవి కొంచెం పెద్దగా వస్తాయి, అంచులు గ్రిప్‌నే రుద్ది కుదర్చాలి. స్క్రూ బలంగా బిగిస్తే ఫట్‌మంటుంది. పాతవాటిని కవర్లో పెట్టి దాచండి, అమ్మే రోజు వస్తే అడుగుతారు.

కాల్చొచ్చా అని మీరు అడగలేదు, అయినా అడుగుతారని తెలుసు. నేను వద్దంటాను. ఇది బ్లాక్ పౌడర్ కాలపు ఇనుము. దీని గుండు .38 ఎస్ అండ్ డబ్ల్యూ, .38 స్పెషల్ కాదు. రెండింటి కొలతలూ వేరు. ఎవరో గదులు బోర్ చేసి పెద్దవి చేసిన బండ్లలో స్పెషల్ దూరిపోతుంది, అక్కడే ప్రమాదం. లాచ్ మూసి బ్యారెల్‌నీ ఫ్రేమ్‌నీ పట్టుకుని కదపండి. టకటకమంటే ఆ ఆలోచనే మానుకోండి. అలవాటుగా ఖాళీ ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చోవడం కూడా వద్దు.

ఇక ఇండియా. సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళొద్దు. బండి మొత్తమే కాదు, హ్యామర్, సిలిండర్ లాంటి ముక్కలు కూడా వద్దు. ఆయుధాల చట్టం, 1959 సెక్షన్ 10 ప్రకారం దిగుమతికి లైసెన్సు కావాలి. అమెరికాలో యాంటిక్ అన్న మాట శంషాబాద్ కస్టమ్స్ దగ్గర చెల్లదు. ఇక్కణ్ణుంచి పార్టులు పోస్టులో పంపడానికి అమెరికా ఎగుమతి రూల్స్ కూడా అడ్డొస్తాయి.

"పాతవాటికి మినహాయింపు ఉందిగా" అని ఎవరో ఒకరు అంటారు. ఉంది, సెక్షన్ 45లో. కానీ అది రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరాని పాతకాలపు, పురావస్తు విలువున్న ఆయుధానికి. రిపేరు చేస్తే పేలేది ఆ మినహాయింపులోకి రాదు. మీరు బాగుచేస్తున్నది సరిగ్గా అలాంటిదే. మన ఇళ్ళలో తాతల కాలం నాటి వెబ్లీ రివాల్వర్లు అటక మీద ఉన్నవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ సొంతంగా విప్పి బాగుచేయబోకండి. సెక్షన్ 5 కింద తుపాకీ రిపేరుకే లైసెన్సు కావాలి, 2019 సవరణ తర్వాత దాన్ని దాటితే శిక్ష కనీసం ఏడేళ్ళు. అదే సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గించింది. కాబట్టి వారసత్వంగా వచ్చేదాన్ని పేరు మార్పించుకునే ముందు ఇంట్లో ఎవరి లైసెన్సు మీద ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకోండి. రిపేరు కావాలంటే లైసెన్సు కాగితంతో సహా లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరికే తీసుకెళ్ళండి. నూరేళ్ళు దాటిన పురావస్తువుని అక్కణ్ణుంచి అమెరికాకి తేవడం కూడా కుదరదు, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు మనుషులు ఎగుమతి చేయడం నిషేధం.

నాన్నగారికి చూపించాలని ఉంటే వీసా మీద ఆయన్నే ఇక్కడికి రప్పించండి. అయితే ఒక్క మాట, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకులు, గుళ్ళ విషయంలో ఇక్కడా వేరే ఆంక్షలున్నాయి. బండి గుళ్ళు లేకుండా మీ అల్మారాలో, తాళం మీ దగ్గరే ఉండేలా చూసుకోండి.